ఐదు రోజుల రేడియేషనా, ఐదున్నర వారాల రేడియేషనా?

మలాశయ కేన్సర్‌కు ఆపరేషన్ కంటే ముందు ఇచ్చే రేడియేషన్ గురించి కొద్ది నెలలుగా ఈ శీర్షికకు వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. విడివిడిగా జవాబిస్తే చెప్పినదే మళ్లీ చెప్పవలసి వస్తుంది కనుక ఐదింటిని ఒకచోట చేర్చాను. మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబే తక్కిన వాటికి ఆధారం. అందుచేత మిగిలిన నలుగురూ తమ జవాబుకు ముందు దానిని చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. మలద్వారానికి 5 సెంటీమీటర్ల ఎత్తులో గడ్డ ఉందని కొలనోస్కోపీలో తేలింది. అది కేన్సరేనని బయాప్సీ నిర్ధారించింది. ఎం.ఆర్.ఐ. చూసిన వైద్యులు ఒకరు ఐదు రోజుల రేడియేషన్ ఇచ్చి, తరువాత కీమో ఇస్తామన్నారు. రెండో అభిప్రాయానికి వెళితే 28 రోజులు మాత్రలతో కలిపి ఇవ్వాలన్నారు. మొదటిదానిలో మొత్తం మోతాదు 25, రెండోదానిలో 50 అని కాగితాలలో ఉంది. సగం మోతాదుతో సరిపెడితే సగం వైద్యమే జరిగినట్లవుతుందేమోనని మా భయం. ఈ రెంటిలో ఏది మంచిది?

జవాబు: ముందు ఆ సగం లెక్క సంగతి చూద్దాం. రేడియేషన్‌ను గ్రేలలో కొలుస్తారు. పొట్టి పద్ధతిలో రోజుకు 5 గ్రేల చొప్పున ఐదు రోజులు, మొత్తం 25 గ్రేలు ఇస్తారు. పొడవైన పద్ధతిలో రోజుకు 1.8 గ్రేల చొప్పున 28 విడతలు, మొత్తం 50.4 గ్రేలు ఇస్తారు. వారానికి ఐదు రోజుల లెక్కన ఇది ఐదున్నర వారాలు నడుస్తుంది, రేడియేషన్‌కు కణితిని మరింత లొంగదీయడానికి ఆ రోజులలో కేపసిటబిన్ మాత్రలు గాని ఫ్లోరోయురాసిల్ మందు గాని తోడుగా ఇస్తారు. అయితే కణం మీద పడే దెబ్బ మొత్తం ఎన్ని గ్రేలు అన్నదానిని బట్టే కాక, ఒక్కొక్క విడతలో ఎంత పడింది అన్నదానిని బట్టి కూడా ఉంటుంది. చిన్న దెబ్బ తగిలిన కణం మర్నాటి విడత వచ్చేలోగా చాలావరకు మరమ్మతు చేసుకుంటుంది; పెద్ద దెబ్బ తగిలితే అంతగా చేసుకోలేదు. ఈ తేడాను కలుపుకొని మేము వాడే సూత్రం ప్రకారం లెక్కిస్తే, కణితి మీద 25 గ్రేల పద్ధతి విలువ 37.5కు, 50.4 గ్రేల పద్ధతి విలువ దాదాపు 59.5కు వస్తుంది. పైగా పొడవైన పద్ధతి నడిచే వారాలలో చావని కణాలు మళ్లీ పుట్టుకొస్తూ ఉంటాయి కనుక ఆ మేరకు తేడా ఇంకా తగ్గుతుంది. కణితిని కరిగించే బలం పొడవైన పద్ధతికే కొంత ఎక్కువన్నది నిజమే గాని, ఐదు రోజుల పద్ధతిని సగం వైద్యమనడం మాత్రం తప్పు.

ఏది మంచిదన్న ప్రశ్నకు నేరుగా జవాబివ్వడం కష్టం, ఎందుకంటే దాని వెనుక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: మీ నాన్నగారి విషయంలో రేడియేషన్ చేత ఏ పని చేయించాలనుకుంటున్నారు? గడ్డ ఆపరేషన్‌కు ఇప్పటికే అనువుగా ఉండి, కంటికి కనబడని కణాలు కటిభాగంలో మిగిలిపోకుండా చూడడమే పని అయితే ఒక జవాబు. గడ్డ కోత గీతకు అంటుకొని ఉండి, దానిని వెనక్కి తగ్గించకపోతే శుభ్రంగా తీయడం సాధ్యం కాదన్నప్పుడు మరొక జవాబు. గడ్డను పూర్తిగా కరిగించి ఆపరేషనే లేకుండా చేయాలన్నది ఆశ అయితే మూడో జవాబు. మీకు చెరొక మాట చెప్పిన ఇద్దరు వైద్యులూ బహుశా ఈ మూడింటిలో వేరువేరు పనులను మనసులో పెట్టుకొని ఉంటారు.

అసలు ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ ఎందుకు వచ్చిందో తెలిస్తే ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. మలాశయం కటి ఎముకల ఇరుకులో, మూత్రాశయానికీ జననాంగాలకూ వెనుక ఉంటుంది. ఆ ఇరుకులో ఆపరేషన్ చేసినప్పుడు కణాలు మిగిలిపోయి, అక్కడే వ్యాధి తిరగబెట్టడం ఒకప్పుడు సర్వసాధారణం. స్వీడన్‌లో చేసి 1997లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ మాత్రమే జరిగినవారిలో 27 శాతం మందికి ఐదేళ్లలోగా అక్కడే వ్యాధి తిరగబెట్టింది. ముందు ఐదు రోజుల రేడియేషన్ తీసుకున్నవారిలో అది 11 శాతానికి తగ్గింది, ఐదేళ్లు బతికినవారి శాతం కూడా 48 నుంచి 58కి పెరిగింది. ఆ కాలంలోనే ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డ్ అనే శస్త్రవైద్యుడు మలాశయాన్నీ, దాని చుట్టూ లింఫ్ గ్రంథులతో కూడి ఉండే కొవ్వునూ, ఆ కొవ్వును కప్పే పలుచని పొర చెడకుండా ఒకే ముద్దగా తీసే పద్ధతిని 1982 నుంచి ప్రచారం చేశారు. ఆ పద్ధతి వ్యాపించాక, కత్తి ఇంత శుభ్రంగా పనిచేస్తుంటే రేడియేషన్ ఇంకా కావాలా అన్న అనుమానం సహజంగానే వచ్చింది. దానిని తీర్చడానికి నెదర్లాండ్స్‌లో 1861 మందితో చేసిన అధ్యయనంలో రెండేళ్ల నాటికి తిరగబెట్టిన శాతం రేడియేషన్ లేనివారిలో 8.2, ఐదు రోజుల రేడియేషన్ తీసుకున్నవారిలో 2.4 అని తేలింది. అయితే ఈసారి ఆయుర్దాయంలో తేడా కనబడలేదు. మంచి ఆపరేషన్‌కు తోడైన రేడియేషన్ అక్కడి వ్యాధిని ఆపుతుంది గాని, దూరాన కాలేయానికో ఊపిరితిత్తులకో అప్పటికే చేరిన కణాలను ఏమీ చేయలేదు. చుట్టుపక్కలవారు చెప్పే అనుభవాలలో ఈ రెండూ కలిసిపోయి వినబడతాయి కనుక వీటిని విడిగా గుర్తుంచుకోవాలి.

పొడవైన పద్ధతి స్థిరపడినది జర్మనీ అధ్యయనంతో. 2004లో వెలువడిన ఆ ఫలితాలలో మందుతో కలిపిన రేడియేషన్‌ను ఆపరేషన్‌కు ముందు ఇస్తే ఐదేళ్లలో తిరగబెట్టినది 6 శాతం, తరువాత ఇస్తే 13 శాతం. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా ముందు ఇచ్చినప్పుడే తక్కువ: ఆ రోజులలో కలిగేవి 27 శాతానికి 40, ఏళ్ల తరువాత మిగిలేవి 14 శాతానికి 24. ఆపరేషన్ ముందు చేయించుకొని రేడియేషన్ సంగతి తరువాత చూద్దామనుకునేవారు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

ఇక రెండు పద్ధతులనూ ఎదురెదురుగా నిలిపిన అధ్యయనాలు. పోలండ్‌లో 312 మందిని రెండు జట్లుగా చేసి చూస్తే, పొడవైన పద్ధతిలో 16 శాతం మందికి తీసిన ముక్కలో కేన్సర్ కణమే లేదు. ఐదు రోజుల జట్టులో అలాంటివారు ఒక శాతమైనా లేరు. ఈ ఒక్క అంకె చూపి ఐదు రోజుల పద్ధతి బలహీనమని చాలాకాలం వాదించారు. ఆ వాదం సరికాదు, ఎందుకంటే ఆ జట్టుకు రేడియేషన్ ముగిసిన వారం లోపే ఆపరేషన్ చేసేశారు. దెబ్బతిన్న కణం వెంటనే మాయం కాదు, కరిగిపోవడానికి దానికి వారాలు పడుతుంది. ఆసక్తికరమైన విషయమేమిటంటే, గడ్డ అంత ఎక్కువగా తగ్గినా మలద్వారాన్ని కాపాడగలిగిన శాతం రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకటే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 326 మందితో చేసిన మరో అధ్యయనంలో మూడేళ్లలో తిరగబెట్టినది ఐదు రోజుల జట్టులో 7.5 శాతం, పొడవైన పద్ధతిలో 4.4 శాతం; గణాంకపరంగా ఇది నిలబడే తేడా కాదు. అయితే మలద్వారానికి బాగా దగ్గరగా ఉన్న గడ్డలను విడిగా తీసి చూస్తే 12.5కు 3 అని వచ్చింది. ఆ గుంపు చిన్నది కనుక దానిని రుజువుగా తీసుకోలేము, కాని తక్కువ ఎత్తులో ఉన్న గడ్డ విషయంలో నన్ను ఒక క్షణం ఆగి ఆలోచించేట్లు చేసేది ఆ అంకే.

మీకు మొదటి వైద్యులు చెప్పినది ఐదు రోజుల రేడియేషన్ ఒక్కటే కాదు, దాని వెనుక కీమో కూడా. కీమోను ఆపరేషన్ తరువాతకు వాయిదా వేస్తే నీరసించిన రోగులలో చాలామంది దానిని పూర్తి చేయలేకపోతున్నారన్న అనుభవంతో, మొత్తం వైద్యాన్నీ ఆపరేషన్‌కు ముందుకే తెచ్చే విధానం ఇటీవల బలపడింది. రాపిడో అనే అధ్యయనంలో ప్రమాదకర లక్షణాలున్న 900 మందికి పైగా రోగులలో ఒక జట్టుకు ఐదు రోజుల రేడియేషన్, ఆ వెనుక 18 వారాల కీమో, తరువాత ఆపరేషన్ జరిగాయి. రెండో జట్టుకు పొడవైన పద్ధతి, తరువాత ఆపరేషన్. 2021లో వచ్చిన ఫలితాలలో మూడేళ్ల నాటికి దూరాన వ్యాపించినది మొదటి జట్టులో 20 శాతం, రెండో జట్టులో 26.8 శాతం, తీసిన ముక్కలో కేన్సర్ లేనివారు మొదటి జట్టులో 28 శాతం, రెండో జట్టులో 14 శాతం. పోలండ్‌లో ఒక శాతమైనా రాని అంకె ఇక్కడ 28 అయిందంటే, కరగడానికి ఇచ్చిన సమయమూ తోడైన కీమో కలిసి చేసిన పని అది. ఇక అంతా తేలిపోయిందనుకున్నారు. కాని ఐదేళ్లకు చూసేసరికి, అక్కడికక్కడే తిరగబెట్టడం మొదటి జట్టులో 10 శాతం, రెండో జట్టులో 6 శాతంగా తేలింది. అదే సమయంలో ఫ్రాన్స్‌లో మూడు మందులు కలిసిన బలమైన కీమోను ముందిచ్చి, తరువాత పొడవైన రేడియేషన్ ఇచ్చిన అధ్యయనంలో ఏడేళ్లకు జీవించినవారు 81.9 శాతం, మామూలు పద్ధతిలో 76.1 శాతం. అయితే ఆ కీమో వయసులో ఉన్న, దిటవైన శరీరాలు తట్టుకోగలిగినది.

కనుక మీరు ఎం.ఆర్.ఐ. నివేదిక చేతిలో పెట్టుకొని వైద్యులను అడగవలసినవి ఇవి. గడ్డకూ, నేను పైన చెప్పిన పలుచని పొరకూ మధ్య ఎంత దూరం ఉంది? ఒక మిల్లీమీటరు లోపే ఉంటే కోత శుభ్రంగా రాదన్న అనుమానం ఉన్నట్లే. మలద్వార కండరాన్ని గడ్డ తాకిందా? కటిభాగపు పక్క గోడల దగ్గర గ్రంథులు ఉబ్బి ఉన్నాయా? గడ్డ రక్తనాళాలలోకి దూరిందా? మొదటి మూడింటిలో దేనికైనా అవునన్న జవాబు వస్తే, మీ నాన్నగారి వయసు, 5 సెంటీమీటర్ల ఎత్తు కూడా కలుపుకొని, నేనైతే పొడవైన పద్ధతి వైపు మొగ్గుతాను. అవన్నీ కాదని తేలి, మలాశయం చుట్టూ ఉన్న కొవ్వులోని గ్రంథులో రక్తనాళాలో మాత్రమే ఆందోళన కలిగిస్తుంటే దూరవ్యాప్తిని ఆపడమే ముఖ్యమవుతుంది. అప్పుడు ఐదు రోజుల తరువాత ఆలస్యం లేకుండా కీమో మొదలుపెట్టే దారి సబబైనదే.

ఏ పద్ధతి అయినా ఉచితంగా రాదు. నెదర్లాండ్స్ అధ్యయనంలోని వారిని కొన్నేళ్ల తరువాత అడిగితే, మలం మీద అదుపు తప్పుతున్నదని చెప్పినవారు రేడియేషన్ తీసుకున్నవారిలో 62 శాతం, తీసుకోనివారిలో 38 శాతం. ఆపరేషన్ తరువాత కాపాడుకున్న మలద్వారం మునుపటిలా పనిచేస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. తరచుగా వెళ్లవలసి రావడం, ఒకేసారి పూర్తిగా కాకపోవడం, ఆపుకోలేకపోవడం చాలామందికి కొంతకాలమైనా, కొందరికి శాశ్వతంగానూ ఉంటాయి. ఈ సంగతి ముందే తెలిసిన రోగి, తెలియని రోగి కంటే బాగా సర్దుకుపోవడం నేను చూశాను.

ప్రశ్న: మా అమ్మ వయసు 79. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. నడవగలదు గాని త్వరగా ఆయాసపడుతుంది. మలాశయంలో గడ్డకు ఆపరేషన్ తప్పదంటున్నారు. అంతకుముందు ఐదున్నర వారాలు రోజూ రేడియేషన్‌కు తీసుకువెళ్లడం, మాత్రలు వేయడం ఆమె తట్టుకోగలదా? ఐదు రోజుల పద్ధతి అడిగితే వైద్యం తగ్గించినట్లవుతుందా?

జవాబు: అమ్మా, తగ్గించినట్లు కాదు. మీ అమ్మగారి వంటివారికి ఐదు రోజుల పద్ధతే నా మొదటి ఎంపిక. పొడవైన పద్ధతిలో వేసే కేపసిటబిన్ కొందరిలో గుండె రక్తనాళాలను బిగబట్టి ఛాతీ నొప్పి తెప్పిస్తుంది. స్టెంట్ ఉన్నవారికి ఆ మందు ఇవ్వడానికి ముందు గుండె వైద్యుల అభిప్రాయం తప్పక తీసుకోవాలి. ఐదు రోజుల పద్ధతిలో ఆ మందు అవసరమే లేదు.

ఇక ఆపరేషన్ ఎప్పుడన్నది రెండో నిర్ణయం. స్వీడన్‌లో 840 మందితో చేసిన స్టాక్‌హోమ్ మూడో అధ్యయనం ఐదు రోజుల రేడియేషన్ ఇచ్చి వారంలోపు ఆపరేషన్ చేయడాన్నీ, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయడాన్నీ పోల్చింది. వ్యాధి తిరగబెట్టడంలో తేడా లేదు. ఆపరేషన్ తరువాతి చిక్కులు మాత్రం వెంటనే చేసినవారిలో 53 శాతం, ఆగినవారిలో 41 శాతం. ఆ వారాలలో అమ్మగారి రక్తహీనతను సరిచేయడానికీ, బలమైన ఆహారం ఇవ్వడానికీ, రోజూ కొంత నడిపించడానికీ వ్యవధి దొరుకుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. ఐదు రోజులూ హాయిగా గడిచిపోయాయని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉండే సమయంలోనే అసలు బాధ మొదలవుతుంది. రేడియేషన్ వల్ల పేగు లోపలి పొర దెబ్బతిని విరేచనాలు, మలద్వారం దగ్గర మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం వైద్యం ముగిసిన తరువాతి రెండు వారాలలో ఎక్కువవుతాయి. ఆ అధ్యయనంలో ఆపరేషన్‌కు ఆగినవారిలో 7 శాతం మందికి ఇలాంటి తీవ్రమైన ఇబ్బంది కలిగింది. 79 ఏళ్ల మనిషికి రెండు రోజుల విరేచనాలు చాలు ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినడానికి. బి.పి. మాత్రలు, నీరు తీసే మాత్రలు వాడుతున్నట్లయితే విరేచనాలు మొదలైన రోజే వాటి సంగతి వైద్యులను అడగండి. తరువాతి సందర్శన తేదీ దాకా ఆగకండి.

ప్రశ్న: నా వయసు 34. పెళ్లయి రెండేళ్లయింది, ఇంకా పిల్లలు లేరు. మలద్వారానికి 11 సెంటీమీటర్ల ఎత్తులో కేన్సర్ అని తేలింది. రేడియేషన్ తీసుకుంటే ఇక గర్భం రాదని విన్నాను. నాకు అది లేకుండా వైద్యం జరిగే మార్గం ఉందా? ఈ మాట అడిగితే ప్రాణం కంటే పిల్లలు ఎక్కువా అని దగ్గరివాళ్లే కోప్పడుతున్నారు.

జవాబు: అడగవలసిన మాటే అడిగారు, అదీ సరైన సమయంలో. వైద్యం మొదలైన తరువాత అడిగితే ఎవరూ చేయగలిగింది ఉండేది కాదు. కటిభాగానికి ఇచ్చే రేడియేషన్‌లో అండాశయాలు ఆ దారిలోనే ఉంటాయి కనుక రెండు పద్ధతులలో దేనివల్లనైనా అవి పనిచేయడం మానివేసి, ముట్లు ముందే ఆగిపోతాయి. గర్భసంచి కూడా సాగే గుణం పోగొట్టుకుంటుంది. ఐదు రోజులదైతే పరవాలేదని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట పట్టించుకోకండి.

మీ విషయంలో రేడియేషన్ మానుకోవడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు. ప్రాస్పెక్ట్ అనే అధ్యయనం 2023లో వెలువడింది. మధ్యభాగంలోనూ పైభాగంలోనూ గడ్డ ఉండి, మలద్వారాన్ని కాపాడే ఆపరేషన్‌కు వీలున్నవారిని వెయ్యి మందికి పైగా తీసుకొని, సగం మందికి పొడవైన రేడియేషన్, తక్కినవారికి ఆక్సాలిప్లాటిన్‌తో కూడిన ఫోల్‌ఫాక్స్ కీమో ఆరు విడతలు ఇచ్చారు. కీమోకు గడ్డ తగినంత తగ్గనివారికి, లేదా కీమో పూర్తి చేయలేకపోయినవారికి మాత్రమే రేడియేషన్ ఇచ్చారు. అలా అవసరమైనవారు 9 శాతం మాత్రమే. ఐదేళ్లకు వ్యాధి లేకుండా ఉన్నవారు కీమో జట్టులో 80.8 శాతం, రేడియేషన్ జట్టులో 78.6 శాతం. అంటే అలాంటి గడ్డలకు చాలామందిలో రేడియేషన్ లేకుండానే అదే ఫలితం వచ్చింది. కాని ఆ అధ్యయనంలో చాలా లోతుగా పాకిన గడ్డలు, ఉబ్బిన గ్రంథులు ఎక్కువగా ఉన్నవి, కోత గీతకు అంటినవి చేర్చుకోలేదు. మీ గడ్డ ఎత్తు మీకు అనుకూలంగా ఉంది, మిగిలినవి ఎం.ఆర్.ఐ. చెప్పాలి. ఆ చిత్రాన్ని మలాశయ కేన్సర్లు తరచుగా చూసే రేడియాలజిస్టు చేత చదివించండి. జర్మనీ అధ్యయనంలో పరీక్షలు చూసి ముదిరిందనుకొని, ఆపరేషన్ ముందు చేసినవారిలో 18 శాతం మందికి తీసిన ముక్కలో వ్యాధి మొదటి దశలోనే ఉందని తేలింది. వారంతా రేడియేషన్ ముందు ఇచ్చిన జట్టులో పడి ఉంటే అవసరం లేని రేడియేషన్ తీసుకొని ఉండేవారు.

ఒకవేళ రేడియేషన్ తప్పదంటే, మొదలుపెట్టక ముందే సంతాన వైద్యులను కలవండి. అండాలనో పిండాలనో తీసి శీతలీకరించి ఉంచడానికి సాధారణంగా రెండు వారాలు సరిపోతాయి. అండాశయాలను చిన్న ఆపరేషన్‌తో రేడియేషన్ దారి నుంచి పైకి జరపడం కూడా ఉంది. ఇవి అండాలను కాపాడతాయి గాని గర్భసంచిని కాపాడలేవు. కీమో మాత్రమే తీసుకున్నా అండాలు దాచుకోవడం గురించి అడగడం మంచిదే.

మీ వయసు కారణంగా మరొక పరీక్ష తప్పక జరిగి ఉండాలి: బయాప్సీ ముక్కలో కణం తన జన్యు లోపాలను సరిదిద్దుకునే ప్రోటీన్లు ఉన్నాయా లేవా అన్నది. మలాశయ కేన్సర్లలో నూటికి కొద్దిమందికే అవి ఉండవు. కాని లేనివారికి దారే వేరు. 2022లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో అలాంటి లోపం ఉన్నవారికి ఆరు నెలలు డోస్టార్లిమాబ్ అనే రోగనిరోధక మందు ఇస్తే, వైద్యం పూర్తి చేసిన మొదటి 12 మందిలోనూ గడ్డ పూర్తిగా మాయమైంది. వారిలో ఎవరికీ అప్పటికి రేడియేషన్ గాని ఆపరేషన్ గాని అవసరపడలేదు. నివేదికలో ఈ పరీక్ష ఫలితం కనబడకపోతే, అది వచ్చేదాకా వైద్యం మొదలుపెట్టవద్దని మర్యాదగానే గట్టిగా చెప్పండి.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. పొడవైన రేడియేషన్, ఆ తరువాత నాలుగు నెలల కీమో పూర్తయ్యాయి. ఇప్పుడు ఎండోస్కోపీలోనూ ఎం.ఆర్.ఐ.లోనూ గడ్డ లేదంటున్నారు. మలద్వారానికి దగ్గరి గడ్డ కనుక ఆపరేషన్ చేస్తే మలం కోసం పొట్ట మీద పెట్టే సంచి శాశ్వతమని ముందే చెప్పారు. గడ్డే లేనప్పుడు ఆపరేషన్ ఎందుకు? మానేయవచ్చు గదా?

జవాబు: గడ్డ కనబడడం లేదు అన్నదీ, గడ్డ లేదు అన్నదీ ఒకటి కావు. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు మాటల మధ్యనే ఉంది. గడ్డ పూర్తిగా కరిగినట్లు కనబడినవారికి ఆపరేషన్ చేయకుండా కనిపెట్టుకొని ఉండే పద్ధతిని బ్రెజిల్‌లో ఆంజెలీటా హబ్ర్-గామా అనే శస్త్రవైద్యురాలు ముందుకు తెచ్చారు. 2004లో ఆమె ఫలితాలు వెలువడినప్పుడు తోటి శస్త్రవైద్యులు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు అది అంగీకరించిన మార్గమే. అనేక దేశాల నుంచి అలాంటి 880 మంది వివరాలను సేకరించి చూస్తే, రెండేళ్లలో నూటికి 25 మందికి గడ్డ మళ్లీ మొలిచింది. మొలిచినవాటిలో 88 శాతం మొదటి రెండేళ్లలోనే, 97 శాతం పేగు గోడలోనే కనబడ్డాయి. అంటే వేలితో, ఎండోస్కోపుతో వెతికితే దొరికే చోటనే. సమయానికి దొరికితే చాలామందికి అప్పుడు ఆపరేషన్ చేయవచ్చు.

అందుచేత మీరు అడగవలసినది మానేయవచ్చా అని కాదు. మొదటి రెండేళ్లు మూడు, నాలుగు నెలలకొకసారి వేలితో పరీక్ష, ఎండోస్కోపీ, తగిన వ్యవధిలో ఎం.ఆర్.ఐ., కేన్సర్ జాడ కోసం చేసే సి.ఇ.ఎ. రక్తపరీక్ష, ఊపిరితిత్తులకూ కాలేయానికీ స్కాన్, ఆ తరువాత కూడా ఐదేళ్ల దాకా వ్యవధి పెంచుకుంటూ ఇవన్నీ తప్పకుండా చేయించుకోగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. ఆరోగ్యంగా ఉన్నానని ఒక్క పరీక్ష ఎగ్గొట్టే స్వభావం ఉంటే ఈ దారి మీకు తగదు. ప్రతి పరీక్షకు ముందు నిద్ర పట్టని స్వభావం ఉన్నా ఆలోచించుకోవాలి. కొందరికి ఆ ఆందోళన కంటే సంచితో బతకడమే సులువనిపించింది.

ఈ విషయంలో మీకు ఇచ్చిన వరస మీకు కలిసివచ్చింది. ఓప్రా అనే అధ్యయనంలో అందరికీ పొడవైన రేడియేషన్, నాలుగు నెలల కీమో రెండూ ఇచ్చారు. కాని ఒక జట్టుకు కీమో ముందు, మరొక జట్టుకు రేడియేషన్ ముందు. మూడేళ్ల నాటికి ఆపరేషన్ లేకుండా మలాశయం నిలుపుకున్నవారు కీమో ముందైనవారిలో 41 శాతం, రేడియేషన్ ముందైనవారిలో 53 శాతం. మందులు అవే, మోతాదులూ అవే. రేడియేషన్ ముందు ముగిసినందువల్ల గడ్డ కరగడానికి ఎక్కువ వ్యవధి దొరికిందన్నది దీనికి చెప్పే కారణం. ఇంకా వైద్యం మొదలుపెట్టనివారు ఎవరైనా దీనిని చదువుతుంటే, ఆపరేషన్ తప్పించుకోవాలన్న కోరిక ఉన్నట్లయితే దానిని మొదటి రోజే వైద్యులతో చెప్పాలి. ఆ కోరికను బట్టి వరస మారుతుంది, రేడియేషన్ పద్ధతీ మారవచ్చు.

ప్రశ్న: వచ్చే వారం నాకు రేడియేషన్ మొదలవుతుంది. ఆ రోజులలో మనవలను దగ్గరకు తీసుకోకూడదంటున్నారు. జుట్టు ఊడిపోతుందా? మూత్రం పోసుకోకుండా రమ్మన్నారు, అది ఎందుకు?

జవాబు: మనవలను నిస్సంకోచంగా ఎత్తుకోండి. యంత్రం ఆగిన క్షణంలోనే కిరణాలూ ఆగిపోతాయి. మీ ఒంట్లో ఏమీ మిగలదు. కిరణాలు పడే చోట మాత్రమే వెంట్రుకలు రాలతాయి కనుక తలజుట్టుకు భయం లేదు. నిండిన మూత్రాశయం చిన్నపేగును పైకి నెట్టి కిరణాల దారి నుంచి తప్పిస్తుంది, విరేచనాలు తగ్గుతాయి. ప్రణాళిక కోసం స్కాన్ తీసిన రోజున ఎంత నీళ్లు తాగి ఎంతసేపు ఆగారో, ప్రతిరోజూ అంతే తాగి అంతసేపే ఆగండి. నడుం దగ్గర పెట్టిన చుక్కలు చెరిగిపోయేవైతే వాటిని రుద్ది కడగవద్దు. చెరిగిపోయాయనిపిస్తే మీరే మళ్లీ పెట్టుకోకుండా, బల్ల మీద పడుకోకముందే అక్కడి టెక్నీషియన్‌కు చెప్పండి.